సీతాఫలాలు పంపిన స్నేహితురాలికి ఏం చెప్పను?

విశాఖపట్నం నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం ఇది. చేత్తో రాసిన ఏడు పేజీలు. పేరు వద్దన్నారు. మొత్తం వేసే వీలు లేదు కాబట్టి ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతున్నాను.

ఆవిడకు 53 ఏళ్లు. భర్త రెండేళ్ల కిందట రిటైరయ్యారు. ఒక్కడే కొడుకు, 26 ఏళ్లు. ఆవిడకు ముగ్గురు స్నేహితురాళ్లు. ఒకప్పుడు నలుగురూ సముద్రానికి దగ్గర్లో ఒకే అపార్ట్‌మెంటులో ఉండేవారు. తర్వాత ఒకరు మధురవాడ, ఒకరు గాజువాక అంటూ తలో దిక్కుకూ మారినా ఆదివారం కలవడం మాత్రం మానలేదు. పొద్దున్న ఆరింటికల్లా ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దగ్గర కలుస్తారు. ఆ వేళకి బీచ్ రోడ్డు మీద బళ్లు తిరగనివ్వరు కాబట్టి రోడ్డంతా నడిచేవాళ్లదే. ఓ గంట నడిచి, గట్టు మీద కూర్చుని, రాగి జావ తాగి, వారం రోజుల కబుర్లు చెప్పుకుని ఇళ్లకు వెళ్తారు. ఎవరింట్లో మిక్సీ పాడైంది, ఎవరి కోడలికి నెల తప్పింది, రైతుబజార్లో బీరకాయ ఎంతుంది, ఇవే కబుర్లు. ఆ గంటన్నర కోసమే వారమంతా ఎదురుచూసేదాన్ని అని రాశారు.

జూన్‌లో కొడుకు బెంగళూరు నుంచి రెండు పెట్టెలతో ఇంటికొచ్చేశాడు. ప్రాజెక్టు ఆగిపోయిందని కంపెనీవాళ్లు ఆ టీమ్ మొత్తాన్ని తీసేశారట. నెలలో ఇంకోటి దొరుకుతుంది, ఈలోపు ఎవరికీ చెప్పొద్దు అనుకున్నారు. నెల కాస్తా అయిదు నెలలైంది. స్నేహితురాళ్లు అడిగినప్పుడల్లా "బెంగళూరులోనే ఉన్నాడు, బాగున్నాడు" అంటూ వచ్చారు. ఆగస్టులో నలుగురిలో ఒకరు, టీచరుగా చేస్తున్నావిడ, తన చిన్నబ్బాయి రెజ్యూమె పంపించి "మీ వాడి కంపెనీలో ఒక మాట చెప్పించు వదినా" అని అడిగారు. ఈవిడ సరేనన్నారు. తర్వాత రెండుసార్లు అడిగితే "ఇచ్చాడట, చూస్తామన్నారట" అన్నారు. ఆ కుర్రాడు ఇంకా ఎదురుచూస్తున్నాడు.

దీపావళికి "వాడు రాలేదా పండక్కి?" అని అడిగితే సెలవు దొరకలేదన్నారు. ఆ రాత్రి కొడుకు బాల్కనీలోకి కూడా రాలేదు. పగలు బయటికి వెళ్లడు, చీకటి పడ్డాక మాత్రం ఒక అరగంట తిరిగొస్తాడు. ఒకరోజు "నేను బయట కనిపిస్తే నీకు ఇబ్బంది కదమ్మా" అన్నాడట.

ఈమధ్య ఇంకోటి జరిగింది. బ్యాంకులో పనిచేసే స్నేహితురాలు "మొన్న రాత్రి సిరిపురంలో మందుల షాపు దగ్గర అచ్చం మీ వాడిలాగే ఉన్న అబ్బాయిని చూశాను" అన్నారు. "ఎవరో అయ్యుంటార్లే" అని ఈవిడ మాట మార్చేశారు. అప్పటినుంచి మూడు ఆదివారాలుగా మోకాలి నొప్పి అని చెప్పి బీచ్‌కి వెళ్లడం లేదు. గ్రూపులో కబుర్లు వస్తూనే ఉన్నాయి. ఒకరు అరకు వెళ్లి వలిసె పూల ఫొటోలు పెట్టారు. ఒకరు మనవరాలి మొదటి పన్ను ఫొటో పెట్టారు. "చూస్తుంటే ఒక్కో ఫొటో ఒక్కో సూదిలా గుచ్చుకుంటోంది. వాళ్ల సంతోషానికి ఏడ్చేదాన్నయిపోయానా అని భయమేస్తోంది" అని రాశారు. పోయినవారం ఆ బ్యాంకావిడే ఒక సంచీ నిండా సీతాఫలాలు పంపించారు. వాచ్‌మన్ తెచ్చి ఇచ్చి, "మీ బాబుకి ఇష్టమని చెప్పమన్నారమ్మా" అన్నాడట. వాటిని బియ్యం డబ్బాలో పెట్టారు. పండాయి. ఆవిడకు తినబుద్ధి కాలేదు. కొడుకు నాలుగు తిన్నాడు. పంపినావిడకు ఇంతవరకూ ఫోన్ చెయ్యలేదు.

వచ్చే ఆదివారం ముడసర్లోవలో కార్తీక వనభోజనం. పాత అపార్ట్‌మెంటువాళ్లంతా కుటుంబాలతో వస్తారు. కంద బచ్చలి కూర ఈవిడే తేవాలని ఎప్పటిలాగే రాసేశారట. "వెళ్లాలా, మానాలా? నిజం చెప్పాలా? లేక మెల్లగా వీళ్లకు దూరమైపోవాలా? మావారు 'ఇంటి గుట్టు లంకకు చేటు, నోరు మూసుకో' అంటున్నారు. ఏం చెయ్యాలో చెప్పండి" అని అడిగారు.

* * *

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ అబ్బాయి ఉద్యోగం గురించి అనుకుని చదివాను. రెండోసారి చదివితే ఉద్యోగం గురించి మీరు రాసింది అరపేజీకి మించి లేదనిపించింది. మిగతా ఆరున్నర పేజీలూ ఆదివారాల గురించే. అందుకని నేనూ అక్కణ్నుంచే మొదలుపెడతాను.

మీరు స్నేహితురాళ్ల దగ్గర దాచింది ఒక్క సంగతేనని అనుకుంటున్నారు. ఈ అయిదు నెలల్లో మీ ఇంట్లో జరిగిన చిన్న సంగతులు ఒక్కసారి తలుచుకోండి. రోజుకి ఇంకో పాల ప్యాకెట్ ఎక్కువ తెప్పిస్తున్నారు. ఏళ్లుగా మూసి ఉన్న గది మళ్లీ తెరిచి దులిపారు. వాడికి ఇష్టమని చాలాకాలం తర్వాత దిబ్బరొట్టె వేసి ఉంటారు. ఇవన్నీ మామూలుగా అయితే ఆదివారం గట్టు మీద చెప్పుకునే కబుర్లే. కానీ ఇందులో ఒక్కటి చెప్పినా "అదేంటి, ఇప్పుడెందుకు?" అనే ప్రశ్న వస్తుంది. అందుకని అన్నీ మింగేశారు. ఒక పెద్ద సంగతి దాచాలంటే దాని చుట్టూ ఉన్న చిన్నవన్నీ దాచాల్సి వస్తుంది. చివరికి మీ దగ్గర చెప్పడానికి ఏమీ మిగల్లేదు. వాళ్లు చెబుతుంటే వినడం తప్ప మీ వంతు లేకుండా పోయింది. మనవరాలి పన్ను ఫొటో మీకు గుచ్చుకోవడానికి కారణం ఇదే అయి ఉంటుందని నా నమ్మకం. దాన్ని అసూయ అనుకుని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. కబుర్లంటే ఇచ్చిపుచ్చుకునేవి. మీరు అయిదు నెలలుగా పుచ్చుకోవడమే తప్ప ఇవ్వలేకపోతున్నారు. ఎవరికైనా గుండె బరువెక్కుతుంది.

మా అమ్మ సంగతి ఒకటి చెబుతాను. నాన్న పోయిన ఏడాది మేం కంచరపాలెంలో అద్దెకుండేవాళ్లం. అమ్మ రోజూ కుళాయి దగ్గర బిందె పెట్టుకుని, నీళ్లు నిండిపోయాక కూడా ఓ పావుగంట అక్కడే నిలబడేది. ఏం మాట్లాడుతుందా అని ఒకసారి విన్నాను. చారులో చింతపండు ఎక్కువైందట, దాని గురించి. ఆ వయసులో నాకు కోపమొచ్చింది, నాన్న పోతే చారు గురించి మాట్లాడుతుందేమిటని. ఆ పావుగంటే అమ్మని ఆ ఏడాదంతా నిలబెట్టిందని అర్థమవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మీ ఆదివారం గంటన్నర అలాంటిది. దాన్ని వదులుకోవడం చిన్న విషయమని నేను అనలేను.

ఇక మీవారు చెప్పిన సామెత. ఇంటి గుట్టు లంకకు చేటు. నిజమే, కానీ ఆ గుట్టు వెళ్లింది ఎవరి దగ్గరికి? యుద్ధానికి వచ్చిన వాళ్ల దగ్గరికి. మీ ముగ్గురు స్నేహితురాళ్లు మీ మీదికి యుద్ధానికి రాలేదు. మీ ఉత్తరంలోనే ఒకచోట హుద్‌హుద్ గురించి రాశారు, ఏదో మాటవరసకి రాసినట్టుగా. 2014 అక్టోబరు 12. అదీ ఆదివారమే. ఊరి మీద తుపాను తీరం దాటిన రోజు. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏ రోడ్డు చూసినా పడిపోయిన చెట్లే. పాల ప్యాకెట్ కోసం బారులు. అప్పుడు మీ నలుగురూ మేడ మెట్ల మీద కొవ్వొత్తి పెట్టుకుని కూర్చునేవారని, పదో తరగతి చదివే మీ అబ్బాయి కింద ట్యాంకరు నుంచి నాలుగిళ్లకీ బకెట్లతో నీళ్లు మోశాడని రాశారు. ఆ రోజుల్లో మీ కిటికీ అద్దాలు పగిలిన సంగతి మీరు దాచలేదు. అందరివీ పగిలాయి కాబట్టి దాచాల్సిన అవసరం కూడా రాలేదేమో. ఇప్పుడు మీ ఒక్కరి కిటికీయే పగిలినట్టు మీకు అనిపిస్తోంది. బెంగళూరు, హైదరాబాదుల నుంచి పెట్టెలు సర్దుకుని ఇంటికొచ్చిన పిల్లలు మీ పక్క వీధిలోనూ ఉండొచ్చు. వాళ్ల అమ్మలు కూడా మీలాగే "బాగున్నాడు" అంటూ ఉండొచ్చు.

ఆ ముగ్గురికీ మీ అబ్బాయి బకెట్లు మోసిన పిల్లాడిగా తెలుసు. జీతం ఎంతో వాళ్లకి ఆ తర్వాత తెలిసింది. ఈ వరస మీరు మర్చిపోయారనిపిస్తోంది.

అయితే వెంటనే వెళ్లి అంతా చెప్పేయండి అని నేను అనను. ఎందుకంటే ఈ కబురు మీ ఒక్కరిదీ కాదు. ఉద్యోగం పోయింది వాడిది. ఎవరికి తెలియాలి, ఎప్పుడు తెలియాలి అన్నదాంట్లో మొదటి మాట వాడిదే. మీరు ఉత్తరంలో మీవారు ఏమన్నారో రాశారు, స్నేహితురాళ్లు ఏమంటారోనని రాశారు. వాడు ఏం కోరుకుంటున్నాడో మాత్రం ఒక్క వాక్యం లేదు. ఉన్నదల్లా వాడన్న ఆ ఒక్క మాట. "నేను బయట కనిపిస్తే నీకు ఇబ్బంది కదమ్మా." అమ్మా, ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వాడు తన సిగ్గు కోసం దాక్కుంటున్నాడని మీరు అనుకుంటున్నారు. మీ పరువు కోసం దాక్కుంటున్నానని వాడు అనుకుంటున్నాడు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు తలుపేసుకుని కూర్చున్నారేమో. అడిగితే తప్ప తెలియదు.

అందుకని వనభోజనం కన్నా ముందు మీ ఇంట్లో ఒక మాట జరగాలి. మీరూ వాడూ మాత్రమే. భోజనాల దగ్గర వద్దు, మీవారు పేపరు చదువుతున్నప్పుడు వద్దు. రాత్రి వాడు ఆ అరగంట తిరగడానికి వెళ్లేటప్పుడు "నేనూ వస్తాను పద" అని చెప్పులేసుకుని వెళ్లండి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పని పిల్లలు పక్కన నడుస్తుంటే మాట్లాడతారు. "నాకు ఇబ్బంది ఏమీ లేదురా. నేనే తొందరపడి వాళ్లకి అబద్ధం చెప్పాను. అది సరిచేద్దామనుకుంటున్నాను. నీకు సమ్మతమేనా?" అని అడగండి. ఉద్యోగం వెతుకుతున్నావా, ఇంటర్వ్యూలు ఏమయ్యాయి లాంటివి ఆ రోజుకి పక్కన పెట్టండి.

ఇక్కడ ఇంకొకటి చెప్పాలి. అయిదు నెలలుగా పగలు బయటికి రాని పిల్లాడు, పండగ రాత్రి బాల్కనీలోకి కూడా రాని పిల్లాడు అంటే నాకు కొంచెం ఆందోళనగానే ఉంది. సీతాఫలాలు నాలుగు తిన్నాడంటే తిండి మీద హితవు ఉందన్నమాట, అది మంచిదే. కానీ నిద్ర ఎలా ఉంది? పగలంతా పడుకుని రాత్రంతా మేలుకుని ఉంటున్నాడా? తన పాత స్నేహితుల ఫోన్లు ఎత్తుతున్నాడా? ఇదివరకు ఇష్టంగా చేసేవి ఏవీ ముట్టుకోవడం లేదా? "నేనెందుకూ పనికిరాను" లాంటి మాటలు నోటి వెంట వస్తున్నాయా? ఇందులో ఏది ఉన్నా ఆలస్యం చెయ్యకండి. టెలి మానస్ అని ప్రభుత్వ సేవ ఉంది, నంబరు 14416. ఏ వేళప్పుడైనా చెయ్యొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాడు చెయ్యనంటే ఎలా నడుచుకోవాలో అడగడానికి ముందు మీరే చెయ్యండి. నేరుగా డాక్టరుతో మాట్లాడాలంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ఆ ఆసుపత్రి పేరు చెప్పగానే ఊళ్లో కొందరు మొహం ఎలా పెడతారో నాకు తెలుసు. జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి వెళ్లినట్టే ఇదీ. చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట ఎప్పుడు వినిపించినా మర్నాటి దాకా ఆగకండి, వాణ్ని ఒంటరిగా వదలకండి.

ఇప్పుడు టీచరు గారి అబ్బాయి సంగతి. మిగతావాటికి వ్యవధి ఉంది, దీనికి లేదు. మీరు చెప్పిన అబద్ధాల్లో మిగతావన్నీ మీ ఇంటికే బరువు. ఇదొక్కటే ఇంకొకరి పిల్లాడి మీద పడింది. ఇంజనీరింగ్ ముగించి మొదటి ఉద్యోగం వెతుక్కునే పిల్లలకి ఒక్కో నెలా విలువైనదే. "ఒకచోట మాట నడుస్తోంది" అన్న ధైర్యంతో వాడు ఇంకో నాలుగు చోట్ల ప్రయత్నం తగ్గించి ఉండొచ్చు. మీ అబ్బాయి అసలు విషయం చెప్పడానికి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఈ ఒక్కటి మాత్రం ఈ వారంలోనే తేల్చాలని నా అభిప్రాయం.

ఎలా తేల్చాలన్నదానికి రెండు దారులున్నాయి. మీ అబ్బాయి ఒప్పుకుంటే ఆవిడ ఇంటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పడం. "మా వాడి ఉద్యోగం జూన్‌లోనే పోయింది. సిగ్గుపడి చెప్పలేదు. నువ్వు రెజ్యూమె పంపినప్పుడైనా చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. మీ వాడి టైము వృథా చేశాను, తప్పు నాదే." ఆవిడకు కోపం రావచ్చు. రావాలి కూడా. రెజ్యూమె విషయంలో ఆవిడ నాలుగు మాటలంటే, మా కష్టం నీకేం తెలుసు అని మీ బాధని అడ్డం పెట్టకండి. విని ఊరుకోండి. రెండు మూడు వారాలు ముభావంగా ఉన్నా ఉంటారు. 20 ఏళ్ల పరిచయం అంతమాత్రానికి తెగుతుందని నేననుకోను, అలాగని హామీ కూడా ఇవ్వలేను.

అబ్బాయి వద్దంటే రెండో దారి. "రెజ్యూమె విషయం మా వాడి ద్వారా అవ్వదు. నేను ముందే చెప్పాల్సింది. దాని మీద ఆశ పెట్టుకోకుండా మిగతా చోట్ల గట్టిగా ప్రయత్నం చేయించు. కారణం ఇప్పుడు చెప్పలేను, తర్వాత చెబుతాను." ఇందులో అబద్ధం లేదు. వాడి గుట్టూ బయటపడదు. కాకపోతే ఆవిడ అరకొరగా అర్థం చేసుకుని, మీవాడు కావాలనే సాయం చెయ్యలేదని అనుకునే ప్రమాదం ఉంది. ఆ నింద కొన్నాళ్లు మీరు మొయ్యాల్సి వస్తుంది. అది మీ అబ్బాయికీ తెలిసేలా చెప్పండి, వాణ్ని బెదిరించడానికి కాదు, వాడూ ఆలోచించుకుని నిర్ణయించుకోవడానికి.

వనభోజనానికి వద్దాం. ఉసిరి చెట్టు కింద విస్తళ్లు వేసుకుని 30, 40 మంది కూర్చునే చోట, పిల్లలు అరుస్తుంటే, ఒకవైపు తంబోలా నంబర్లు చదువుతుంటే, అక్కడ ఈ మాట ఎత్తడం మంచిది కాదు. వినేవాళ్లకీ ఏమనాలో తోచదు. సగం విని సగం వదిలేసిన మాట సాయంత్రానికి ఇంకోలా తిరుగుతుంది. అలాగని పాత అబద్ధాన్నే పట్టుకుని వెళితే అడిగిన ప్రతివాళ్లకీ "బెంగళూరులో బాగున్నాడు" అని చెబుతూ ఉండాలి. ముగ్గురికి చెప్పింది ముప్ఫై మందికి చెప్పినట్టవుతుంది. మీవారూ అదే చెప్పాలి. రేపు విప్పాల్సి వచ్చినప్పుడు అన్ని ముళ్లూ విప్పాలి.

మానేస్తే? ఈ ఒక్కసారికి మానడంలో తప్పేమీ లేదు. మనసు బాగోలేనప్పుడు నవ్వు మొహం పెట్టుకుని పులిహోర వడ్డించడం కష్టమే. అయితే మళ్లీ మోకాలి నొప్పి అని మాత్రం చెప్పకండి. ముగ్గురిలో ఒకరైనా జండూబామ్ పట్టుకుని ఇంటికి రాకమానరు, అప్పుడు తలుపు తీసేది మీ అబ్బాయి కావచ్చు. "ఇంట్లో కొంచెం టెన్షన్‌గా ఉంది, ఈసారికి రాలేను, కూర మాత్రం పంపిస్తాను" అనండి చాలు. కంద బచ్చలి కూర వండి, ఆవపెట్టి, డబ్బాలో సర్ది పంపండి. మీరు వాళ్లని వదులుకోలేదని ఆ డబ్బా చెబుతుంది.

లేదూ, టీచరు గారితో ముందే మాట్లాడేసి, అబ్బాయి కూడా సరేనంటే, వాణ్నీ తీసుకుని వెళ్లొచ్చు. ఎవరైనా అడిగితే "ఆ ఉద్యోగం అయిపోయింది, ఇప్పుడు ఇంటి దగ్గరే ఉండి వెతుక్కుంటున్నాడు" అని వాడే చెబుతాడు. అంతకుమించి వివరం ఇవ్వక్కర్లేదు. ఒకరిద్దరు "అయ్యో" అంటారు, ఒకరిద్దరు ఏవో ఉచిత సలహాలిస్తారు. అవి భరించడం వాడికి ఇప్పుడే సాధ్యమా కాదా అన్నది వాడే తేల్చుకోవాలి. మీరు లాక్కెళ్లొద్దు.

మెల్లగా దూరమైపోవడం గురించి కూడా అడిగారు. చెయ్యొచ్చు. మనుషులు చేస్తూనే ఉంటారు. ఫోన్లు తగ్గుతాయి, గ్రూపులో మాట్లాడటం తగ్గుతుంది, ఏడాదికి పండగ శుభాకాంక్షలు మిగులుతాయి. కానీ ఆ తర్వాత మీ ఇల్లెలా ఉంటుందో ఊహించుకోండి. గది తలుపేసుకున్న కొడుకు, నోరు మూసుకోమనే భర్త, వాళ్లిద్దరి మధ్య మీరు. మీకు ఆదివారం కూడా లేకపోతే ఎవరితో మాట్లాడతారు? ఈ ఏడు పేజీలు నాకు రాయాల్సి వచ్చిందంటేనే మీకు మాట్లాడే మనిషి కావాలని అర్థం. నేను ఒక్క ఉత్తరానికి జవాబు రాయగలను. ప్రతి ఆదివారం మీ పక్కన గట్టు మీద కూర్చోలేను కదా.

మూడో స్నేహితురాలి గురించి, గాజువాక ఆవిడ గురించి, మీ భయం నిజమైనదే. నోట్లో నువ్వుగింజ నానదని మీరే రాశారు. అలాంటి మనిషి చెడ్డదని కాదు, ఆవిడకు చెప్పిన మాట కాళ్లొచ్చి నడుస్తుంది, అంతే. కాబట్టి ఆవిడకు చివర చెప్పండి. చెప్పేటప్పుడు ఊరంతా తిరిగినా మీకు ఫరవాలేదనుకునే వాక్యం ఒకటి ముందే అనుకుని, అదే చెప్పండి. "కంపెనీ టీమ్ మొత్తాన్ని తీసేసింది, వాడు వచ్చేశాడు, వెతుక్కుంటున్నాడు." ఇది ఎన్ని ఇళ్లు తిరిగినా ఇంతే ఉంటుంది. ఎవరికీ చెప్పకు అని మాత్రం ఆవిడతో అనకండి. అలా అన్నారంటే చెప్పితీరతారు.

మీవారి విషయంలో నేను ఎక్కువ చెప్పను. ఆయనా సాయంత్రాలు తోటివాళ్లతో కూర్చున్నప్పుడు ఇదే అబద్ధం చెబుతున్నారని రాశారు. ఆయన కోపం వెనక ఉన్నది భయమే అనిపిస్తోంది. అందరికీ చెబుదాం అని అడిగితే ఒప్పుకోరు. "టీచరు గారి పిల్లాడికి మన వల్ల నష్టం జరుగుతోంది" అని అడిగి చూడండి. న్యాయం విషయానికొచ్చేసరికి చాలామంది మగవాళ్లు పరువు సంగతి కాస్త పక్కన పెడతారు.

చివరిగా సీతాఫలాలు. మీరు ఉత్తరంలో ఆ సంగతి రాసి, వెంటనే వేరే విషయంలోకి వెళ్లిపోయారు. వాచ్‌మన్ ఏమన్నాడో మళ్లీ ఒకసారి చదువుకోండి. "మీ బాబుకి ఇష్టమని చెప్పమన్నారు." మీ బాబు బెంగళూరులో ఉన్నాడు కదా ఆవిడ లెక్కలో? నాలుగు రోజులాగితే మెత్తబడిపోయే పళ్లు, వాడి పేరు చెప్పి మీ ఇంటికి ఎందుకు పంపారు? సిరిపురంలో వాణ్ని చూసింది కూడా ఆవిడే. నేను పొరబడుతూ ఉండొచ్చు. కానీ నాకనిపిస్తోంది, ఆవిడకు తెలుసు. కాస్త వెలుతురున్న మందుల షాపు ముందు, చిన్నప్పటినుంచి ఎత్తుకుని పెంచిన పిల్లాణ్ని ఎవరూ "వాడిలాగే ఉన్నాడు" అని వదిలెయ్యరు. ఆవిడ మీకు చెప్పుకునే వీలు ఇచ్చారు. మీరు మాట మార్చారు. ఆవిడ ఇంకోసారి అడగలేదు. ఎవరికీ చెప్పినట్టు కూడా లేదు, చెప్పి ఉంటే గాజువాక ఆవిడ ద్వారా ఈపాటికి మీకే తిరిగి వచ్చేది. ఊరుకుని పళ్లు పంపారు.

అందుకే మొదటి మాట ఎవరితో అంటే, బ్యాంకావిడతో మొదలుపెట్టడం మీకు తేలికవుతుందనిపిస్తోంది. టీచరు గారి దగ్గరికి వెళ్లేటప్పుడు తోడు కూడా రమ్మనొచ్చు. ఆదివారం దాకా ఆగక్కర్లేదు. అబ్బాయితో మాట్లాడి, వాడు సరేనన్న రోజునే ఆవిడకి ఫోన్ చెయ్యండి. వాడి ఉద్యోగం సంగతితో మొదలుపెట్టడం కష్టమనిపిస్తే పళ్ల సంగతితోనే మొదలుపెట్టండి. బియ్యం డబ్బాలో పెట్టాననీ, రెండు రోజుల్లో పండాయనీ, వాడు నాలుగు తిన్నాడనీ చెప్పండి.